కాగితాలు తగలబెట్టినవాళ్ల గురించి రాసే ముందు

అమ్మడూ,

బ్యాంకు ఉద్యోగం వదిలేసి మధ్యయుగ చరిత్ర చదవడానికి ఇంగ్లండ్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఇన్నేళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను, మన ఇంట్లో ఒక్కరూ అటువైపు చూడలేదు. ఇప్పుడు నువ్వు వెళ్తున్నావు. అదీ ఇంగ్లండ్‌లో 1381లో జరిగిన రైతుల తిరుగుబాటు మీద పని చేస్తానంటున్నావు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ సంబరంలోనే నీ ప్రపోజల్ తెరిచి, రెండో పేరా దగ్గర ఆగిపోయాను.

ముందు చిన్న విషయాలు. చలికోటు ఇక్కడ కొనకు, అక్కడే కొనుక్కో. లాటిన్ బయల్దేరే లోపే మొదలుపెట్టు. పాత చేతిరాత చదవడం నేర్పే క్లాసు ఉంటే మొదటి టర్మ్‌లోనే చేరు. పూట భోజనం మానేసి లైబ్రరీలో కూర్చున్నావని తెలిస్తే ఊరుకోను.

ఇక ఆ రెండో పేరా. "చదువురాని రైతులు ఆవేశంలో చేతికందిన పత్రాలన్నీ తగలబెట్టారు" అని రాశావు. ఇది చాలా పాత పొరపాటమ్మా. మా కాలేజీలో నాకంటే ముందున్న లెక్చరర్ గారి నోట్సులోనూ అచ్చం ఇదే వాక్యం ఉండేది, ఏటా పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాసేవాళ్లు. ఒకసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "చదువు రాకపోతే ఏ కాగితం తగలబెట్టాలో వాళ్లకెలా తెలిసిందండీ?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. వాళ్ల నాన్న కౌలురైతు. చేసేది తను, కాగితం మీద పేరు ఇంకొకరిది. కాగితం ఏం చేయగలదో ఆ పిల్లకు పుస్తకం చెప్పక్కర్లేదు. ఆమెకు సరైన జవాబు చెప్పాలనే నేను 1381 గురించి గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

అప్పటి సంగతులు నీకు తెలిసినవే, అయినా వరసలో పెట్టుకో. 1348లో ఇంగ్లండ్‌కు ప్లేగు వచ్చి జనం కుప్పలుగా పోయారు. మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడిగితే, ప్లేగుకు ముందున్న రేటే తీసుకోవాలని 1351లో చట్టం చేశారు. పైగా తలపన్ను. 1377లో మనిషికి 4 పెన్నీలు, 1380లో 12. జనం పేర్లు దాచేశారు. 1377 లెక్కలో ఉన్నవాళ్లలో లక్షల మంది 1381 లెక్కకు వచ్చేసరికి లేనే లేరు. జాబితాలకు అంత భయపడిన జనం కాగితం తెలియని జనం ఎలా అవుతారు?

ఇంకో సంగతి, దీన్ని మాత్రం మర్చిపోకు. తిరుగుబాటుకు నాలుగేళ్ల ముందే దక్షిణ ఇంగ్లండ్‌లో ఎన్నో ఊళ్ల రైతులు డబ్బు పోగుచేసుకుని, 1086 నాటి డూమ్స్‌డే బుక్, అంటే రాజు రాయించిన భూముల లెక్కల పుస్తకం లోంచి తమ ఊరి వివరాలకు సర్టిఫైడ్ నకళ్లు తీయించుకున్నారు. మా ఊరు పూర్వం రాజుగారి సొంత భూమి, కాబట్టి మేం వెట్టి చేయక్కర్లేదని వాదించారు. దాని మీద భూస్వాములు 1377 పార్లమెంటులో మొత్తుకున్నారు. ఆ వాదన చెల్లలేదు. 1381లో వాళ్లు వెతికి మరీ తగలబెట్టింది మేనర్ కోర్టు, అంటే భూస్వామి తన రైతుల మీద నడుపుకునే కోర్టు, రికార్డులను, ఎవరు ఎవరికి బానిస, ఎన్ని రోజులు వెట్టి చేయాలి అని రాసి ఉన్నవాటిని. ముందు నడిచినవాళ్లలో చాలామంది ఆ కోర్టుల్లోనే జ్యూరీగా కూర్చున్న ఊరి పెద్దలు. ఏ పెట్టెలో ఏముందో వాళ్లకు తెలుసు. జూన్ 14న లండన్ పక్కన మైల్ ఎండ్‌లో పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డును వాళ్లు అడిగిందీ కాగితమే. బానిసత్వం రద్దు చేసినట్టు రాసిమ్మన్నారు. గుమాస్తాలను కూర్చోబెట్టి రాయించి ఇచ్చాడు, జూలై 2న అన్నీ రద్దు చేశాడు.

నీ వాక్యానికి సాక్ష్యమే లేదని అనను. కేంబ్రిడ్జిలో యూనివర్సిటీ పత్రాలు తగలబెట్టి, మార్జరీ స్టార్ అనే ముసలామె ఆ బూడిదను గాలికి ఎగరేస్తూ పండితుల చదువు నశించాలని అరిచింది. ఆమెను దాచకు. ఆమె పక్కనే డూమ్స్‌డే నకలు పట్టుకున్న రైతునూ నిలబెట్టు.

ఆ తర్వాత, ఈ కథ మనకు ఎవరు చెప్పారో చూడు. సెయింట్ ఆల్బన్స్ మఠం సంగతే తీసుకో. ఊరివాళ్లు మఠం మరలోనే పిండి పట్టించుకుని దానికి రుసుం ఇచ్చుకోవాలి. ఇళ్లలో తిరగలి ఉండకూడదు. 1330ల్లో మఠాధిపతి ఊళ్లోని తిరగళ్లన్నీ లాక్కుని, ఆ రాళ్లను మఠంలో నేలకు పరిపించాడు. యాభై ఏళ్లపాటు అవి సన్యాసుల కాళ్ల కింద ఉన్నాయి. 1381 జూన్‌లో ఊరివాళ్లు లోపలికి వెళ్లి ఆ నేల పెకలించి, రాళ్లు పగలగొట్టి, చర్చిలో ఆదివారం దీవించిన రొట్టె పంచుకున్నట్టు ముక్కలు పంచుకున్నారు. ఇది మనకు చెప్పింది థామస్ వాల్సింగ్‌హామ్. ఆయన ఆ మఠంలో సన్యాసే. తన ఇంటి నేల తవ్వినవాళ్ల గురించి రాస్తున్నాడు, కోపంగానే రాశాడు. అయినా తాతల కాలంలో పోయిన తిరగలి రాయిని మనవలు ప్రసాదంలా ఇంటికి పట్టుకెళ్లారన్న సంగతి ఆయన కోపంలోంచి కూడా బయటికి వచ్చింది. ఆ పేజీని లాటిన్‌లో నీ కళ్లతో చదవాలనే అంతగా చెబుతున్నాను.

అసలు భయం ఇప్పుడు చెబుతాను. నీది మెత్తటి మనసు. తిరుగుబాటుదారులకు బోధించిన జాన్ బాల్ ప్రసంగం చదివితే, ఆదాము తవ్వుతూ అవ్వ నూలు వడుకుతున్నప్పుడు దొర ఎవరని ఆయన అడిగినది చదివితే, నీకు కళ్లు చెమరుస్తాయి. నాకూ అంతే. కానీ ఆ రోజుల్లోనే లండన్‌లో ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) నుంచి వచ్చి బతుకుతున్నవాళ్లను వీధుల్లోకి, చర్చిలోంచి కూడా, ఈడ్చుకొచ్చి చంపారు. పరాయి దేశం వాళ్లు కావడమే వాళ్ల తప్పు. నువ్వూ అక్కడ పరాయిదానివే, అందుకే ఆ పేజీ నీకు కష్టంగా ఉంటుంది. కష్టంగా ఉందని దాటేస్తే మాత్రం ఒప్పుకోను.

మతం మీద తిరుగుబాటు అని కూడా తేల్చేయకు. జాన్ బాల్ పాదిరీ. తిరుగుబాటుదారులు లండన్‌లోకి వచ్చింది కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండగ రోజున. వాళ్లు తల నరికిన ఆర్చిబిషప్ సడ్బరీయే దేశానికి ఛాన్సలర్, అంటే రాజుగారి ప్రధాన మంత్రుల్లో ఒకడు, పన్ను పాపం ఆయనకు చుట్టుకుంది. మఠమే భూస్వామి అయిన చోట దేవుడి మీద కోపం ఎక్కడ, కౌలు మీద కోపం ఎక్కడ అని గీత గీయడం కష్టం. తర్వాత ఆ నింద చర్చిని విమర్శించిన పండితుడు జాన్ విక్లిఫ్ మీదికీ పోయింది. తిరుగుబాటు నడిపింది ఆయన కాకపోయినా, 1428లో సమాధి తవ్వి ఎముకలు కాల్చి బూడిద ఏట్లో కలిపారు. అది మతభ్రష్టత్వం నేరం కింద, మరిచిపోయి రెండూ కలిపేయకు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆయన అరిచినా నువ్వు ఎదురు చెప్పకు. లాటిన్ క్లాసు ఫీజు నాది, వద్దంటే కోపం వస్తుంది. ఆ రెండో పేరా తిరగరాసి ఆదివారం లోపు పంపు.

మీ పెద్దమ్మ