అటాచ్‌మెంట్ తెరిచే ముందు ఒక్క ఫోన్ చేయండి

విదేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, హెచ్‌ఆర్ పేరుతో ఏదో ఫైలొచ్చింది. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?" ఇలా అడిగేవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. అడగకుండా తెరిచేసేవాళ్ళ గురించే నా బెంగంతా.

మొదటి కొన్ని నెలలు మనకొచ్చే కాగితాలన్నీ కొత్తవే. బ్యాక్‌గ్రౌండ్ చెక్, పేరోల్ ఫారం, ఇన్సూరెన్స్, ఇంటి లీజు, వీసా లాయరు అడిగే పత్రాలు. ఏ ఆఫీసు ఏది పంపుతుందో, ఎలా పంపుతుందో ఇంకా తెలియదు. పైగా ఆలస్యం చేస్తే ఉద్యోగానికో వీసాకో ఎసరొస్తుందేమోనని లోపల భయం. "సాయంత్రంలోగా సంతకం చేసి పంపండి" అని కనబడగానే ఆలోచించకుండా నొక్కేస్తాం. మోసగాళ్ళు ఆ తొందర మీదే బతుకుతారు.

ముందు ఫైలు పేరు చివర చూడండి. ఫైలు ఏ రకమో చెప్పే ఆ చివరి అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను మామూలుగా దాచేస్తుంది. అందుకే "ఇన్‌వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" అనే ప్రోగ్రాము మీ కంటికి "ఇన్‌వాయిస్.పీడీఎఫ్" లాగే కనబడుతుంది. ఐకాను కూడా పీడీఎఫ్‌దే పెడతారు. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ఐలవ్‌యూ వైరస్ చేసింది ఇదే. ప్రేమలేఖ పేరుతో టెక్స్ట్ ఫైలులా వచ్చింది, అసలు చివరన ఉన్నది వీబీఎస్ స్క్రిప్టు, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాము. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనబడేలా ఈరోజే మార్చుకోండి. ఈఎక్స్‌ఈ, జేఎస్, వీబీఎస్, ఎస్‌సీఆర్, ఎల్‌ఎన్‌కే, ఐఎస్‌ఓ అని ముగిసే ఫైళ్ళను ఏ అకౌంట్స్ విభాగమూ బిల్లులుగా పంపదు.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళ సంగతి వేరు. అవి నిజంగానే రోజూ వస్తాయి. దొంగ ఫైలు తెరిస్తే చాలాసార్లు లోపల మసకగా ఉన్న పేజీ బొమ్మ, దాని మీద ఆఫీస్ లోగో ఉంటాయి. "ఈ డాక్యుమెంట్‌కు రక్షణ ఉంది, చూడాలంటే ఎనేబుల్ ఎడిటింగ్, తర్వాత ఎనేబుల్ కంటెంట్ నొక్కండి" అని రాసి ఉంటుంది. జాగ్రత్తగా గమనించండి, ఆ వాక్యం పేజీ లోపల ఉంది. అంటే దాన్ని రాసింది మైక్రోసాఫ్ట్ కాదు, ఫైలు పంపినవాడే. పేజీకి పైన కనబడే హెచ్చరిక పట్టీ మాత్రం అసలుది, దాని మాటే వినండి. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్ళలో మాక్రోలను, అంటే ఎనేబుల్ కంటెంట్ నొక్కితే నడిచే చిన్న ప్రోగ్రాములను, ముందుగానే ఆపేయడం మొదలుపెట్టింది. దాంతో దొంగలు జిప్, ఐఎస్‌ఓ, షార్ట్‌కట్ ఫైళ్ళకు, 2023 మొదట్లో వన్‌నోట్ అనే నోట్స్ యాప్ ఫైళ్ళకు మారారు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో రాస్తే అనుమానించండి. తాళం వేసిన జిప్ లోపలికి మెయిల్ స్కానర్ తొంగిచూడలేదు, వాళ్ళకు కావలసిందీ అదే.

హెచ్‌టీఎంఎల్ అటాచ్‌మెంట్, అంటే వెబ్ పేజీ ఫైలు, నొక్కితే బ్రౌజర్లో అచ్చం మీ ఆఫీసు లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. అడ్రస్ బార్ చూడండి. అక్కడ వెబ్‌సైట్ పేరు బదులు మీ కంప్యూటర్లోని ఫోల్డర్ దారి ఉంటే అక్కడ పాస్‌వర్డ్ కొట్టకండి. పీడీఎఫ్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి ఫోన్‌తో స్కాన్ చేయమన్నా అంతే. ఆఫీసు కంప్యూటర్‌కున్న కాపలా మీ సొంత ఫోన్‌కు ఉండదు.

తెలిసినవాళ్ళ పేరు చూసి మాత్రం నమ్మకండి. 2014 నుంచి తిరిగిన ఎమోటెట్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఒకరి మెయిల్‌బాక్స్‌లోని పాత సంభాషణలు దొంగిలించి, వాటికే జవాబుగా దొంగ ఫైలు పంపేది. 2021 జనవరిలో యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ సమన్వయంతో పలు దేశాల పోలీసులు దాని సర్వర్లను పట్టుకుంటే, అదే ఏడాది నవంబరులో మళ్ళీ లేచింది. పైన మీరు రాసిన మాటలే, కింద మీ సహోద్యోగి పేరే. భాషలో తప్పులు వెతికితే అక్కడ ఏమీ దొరకదు.

ఇలాంటప్పుడు పనికొచ్చేది ఒక్కటే, వేరే దారిలో కనుక్కోవడం. మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాకుండా, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేసి "ఈ ఫైలు మీరే పంపారా?" అని అడగండి. పేరోల్ ఫారమైతే పోర్టల్‌లోకి మీరే లాగినై చూసుకోండి. కొత్తగా చేరాం, ఇంత చిన్నదానికి అడిగితే ఏమనుకుంటారోనని మనవాళ్ళు జంకుతారు. దయచేసి జంకకండి. ఐటీ సెక్యూరిటీవాళ్ళ పనే అది, అడిగినవాళ్ళను వాళ్ళు చిన్నచూపు చూడరు. అనుమానమున్న ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇది చూడండి" అనడం మాత్రం వద్దు, ఇంకొకరు తెరుస్తారు. ఫైళ్ళలో వైరస్ ఉందేమో చూసే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో పరీక్షించే అలవాటున్నవాళ్ళకు ఒక మాట: అక్కడ పెట్టిన ఫైలు ఇతర సంస్థలకూ అందుతుంది. పాస్‌పోర్ట్, పే స్లిప్ లాంటివి అక్కడ పెట్టకండి.

ఇప్పటికే తెరిచేసి ఉంటే సిగ్గుపడి దాచకండి. వైఫై ఆపేసి, కేబుల్ ఉంటే పీకేసి, వెంటనే ఐటీవాళ్ళకు ఫోన్ చేయండి. మెయిల్ డిలీట్ చేయకండి, వాళ్ళకు అది కావాలి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని సెషన్ల నుంచి లాగౌట్ చేయండి. బ్యాంకుకూ ఒక మాట చెప్పండి. ఆ తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ రూల్స్ తెరిచి చూడండి. మీకొచ్చే ప్రతి మెయిలూ తమకు చేరేలా దొంగలు అక్కడ ఒక రూల్ పెట్టి వెళ్తుంటారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ పోదు, దాన్ని మీరే తీసేయాలి.