క్యాసెట్‌లో విన్న గిటారు కళ్లముందు మోగితే

ప్రశ్న: అన్నగారూ, మాది ఆమదాలవలస. నాకు 46 ఏళ్లు. 1997లో విజయనగరంలో డిగ్రీ చదువుతున్నప్పుడు రూమ్మేట్ దగ్గర అమెరికా రాక్ బ్యాండు గన్స్ ఎన్ రోజెస్ క్యాసెట్ విన్నాను. మాటలు సగం అర్థమయ్యేవి కావు గానీ స్లాష్ గిటారు మాత్రం మనసులో ఉండిపోయింది. టేపు బయటికొచ్చేస్తే పెన్సిలు పెట్టి చుట్టుకుని మళ్లీ వినేవాణ్ణి. 2012లో ఆ బ్యాండు ఇండియా వచ్చింది, అప్పుడు అందులో స్లాష్ లేడని నేను వెళ్లలేదు. చివరికి 2025 మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో చూశాను. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముప్పై గంటలు దాటిన ప్రయాణం. 'నవంబర్ రెయిన్' పాటలో గిటారు అందుకోగానే ఏడుపొచ్చేసింది, చుట్టూ కుర్రాళ్లు చూస్తున్నా ఆగలేదు. గొంతు మాత్రం క్యాసెట్‌లో ఉన్నట్టు లేదు, అదొకటి మనసులో గుచ్చుకుంటోంది. ఇంటికొచ్చాక మా ఆవిడ ఎలా జరిగిందని అడిగితే "బాగుంది" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. వారం రోజులు పనిమీద మనసు నిలవలేదు. ఇది మామూలేనా?

జవాబు: మామూలే. మీ ఉత్తరం చదువుతుంటే నాకు 2007 మార్చి 17 గుర్తొచ్చింది. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి ఇంగ్లండు బ్యాండు ఐరన్ మెయిడెన్ వచ్చిన రోజు. నేను ఇక్కణ్ణుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాను, తిరిగొచ్చాక నాలుగైదు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన రోజు వెనక్కి వెళ్లిపోయాక ముందు ఎదురుచూడడానికి ఏమీ ఉండదు కదా, ఆ ఖాళీ అది. దానంతటదే సర్దుకుంటుంది, కంగారు పడకండి.

గొంతు సంగతి. వాళ్ల మొదటి ఆల్బమ్ 1987లో వచ్చినప్పుడు పాడే యాక్సిల్ రోజ్‌కి పాతికేళ్లు. మీరు చూసిన రాత్రి ఆయనకి 63. స్లాష్‌కి అరవై నిండడానికి ఇంకా రెండు నెలలుంది. మీరు పెన్సిలుతో చుట్టుకున్న టేపులో ఉన్నది ఆ కుర్రతనపు గొంతు, అది స్టూడియోలో ఒక్కసారి పట్టేసి దాచింది కాబట్టి ముసలిదవ్వలేదు, అంతే. మన విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన చోటు, ఘంటసాల గారు చదువుకున్న చోటు. అక్కడ కచేరీకి వెళ్లినవాళ్లెవరూ రికార్డులో ఉన్నట్టే వాయించమని అడగరు, ఈ పూట ఈ మనిషి ఎలా వాయిస్తాడో విందామనే వెళ్తారు. రాక్ కచేరీ కూడా కచేరీయే. మీరు ఆ రాత్రి విన్నది ఆ రాత్రి పాట, అది ఏ క్యాసెట్‌లోనూ లేదు, ఆ మైదానంలో నిలబడ్డవాళ్లకే దక్కింది.

ఏడుపు గురించి మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు. వద్దండీ. ఆ గిటారు అందుకున్నప్పుడు మీకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలియదు, విజయనగరం గదో, ఆ రూమ్మేటో, ఆ పాట వింటూ చదివిన పరీక్షలో, కానీ ఇరవై ఎనిమిదేళ్లు ఒక్కసారే వచ్చి మీద పడితే కళ్లు తడవకుండా ఉంటాయా?

ఇక "బాగుంది" తప్ప మాట రాకపోవడం. తప్పెటగుళ్లు చూశారుగా మన వైపు, వాళ్లు తప్పెటని గుండెకి కట్టుకుని వాయిస్తారు. దగ్గర నిలబడితే ఆ దెబ్బ చెవికన్నా ముందు మన గుండెకి తగిలినట్టుంటుంది. పెద్ద మైదానంలో బేస్ గిటారు, కిక్ డ్రమ్ అలాగే పనిచేస్తాయి, ఆ కింది స్వరాలు పక్కటెముకల్లో, అరికాళ్లలో తెలుస్తాయి. ఇయర్‌ఫోన్లో పాట చెవుల్లోనే ఉంటుంది, అక్కడ ఒళ్లంతా వింటుంది. ఒంటికి తెలిసినదాన్ని నోటితో చెప్పమంటే ఎవరికైనా కష్టమే. అందుకని మీ ఆవిడకి కచేరీ మొత్తం చెప్పాలని చూడకండి. ముందు రైలు సంగతి చెప్పండి, మే నెల ముంబయి ఉక్కలో చొక్కా వీపుకి అతుక్కుపోయిన సంగతి చెప్పండి, స్లాష్ ఆ నల్ల టోపీతో వెలుతుర్లోకి వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి. తర్వాత ఆ పాట పెట్టి, సోలో వచ్చేచోట "ఇదిగో, ఇక్కడే నాకు ఏడుపొచ్చింది" అనండి. ఆవిడకి అర్థమవుతుంది. ఇన్నేళ్లూ మీరు ఆ పాట వింటుంటే పక్కనే ఉన్న మనిషి ఆవిడ.

ప్రశ్న: అన్నయ్యా, నేను విజయనగరంలో బీటెక్ మూడో సంవత్సరం. ఫ్రెండ్స్‌తో కలిసి మొదటిసారి బెంగళూరులో ఓపెన్ ఎయిర్ కచేరీకి వెళ్తున్నాను. ఎక్కడ నిలబడాలి? చెవులు పాడవుతాయంటున్నారు, నిజమేనా? అమ్మకి ఒకటే టెన్షన్.

జవాబు: చెవుల మాట నిజం, తేలిగ్గా తీసుకోకమ్మా. ఇలాంటి చోట్ల పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, స్పీకర్ల పక్కన అది సులువుగా దాటిపోతుంది. మందుల షాపులో ఫోమ్ ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి, సన్నగా నలిపి లోపల పెట్టుకుని అది ఉబ్బేదాకా వేలితో పట్టుకో. పాట వినపడదేమోనని భయపడకు, హోరు తగ్గుతుంది, పాట మాత్రం వినపడుతూనే ఉంటుంది. తర్వాత చెవుల్లో గుయ్ మని రెండు రోజులకి మించి ఉంటే డాక్టరుకి చూపించాలి.

నిలబడే చోటంటావా, స్టేజికి ఎదురుగా మైదానం మధ్యలో సౌండ్ ఇంజనీరు కూర్చునే గుడారం ఉంటుంది, దాని ముందు నిలబడు. ఆయన తన చెవికి వినపడేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు, ఆయన విన్నదే నువ్వూ వింటావు. మరీ వెనక్కి పోతే డ్రమ్ము మీద కర్ర పడ్డాక చప్పుడు వస్తుంది, ఎందుకంటే ధ్వని సెకనుకి 340 మీటర్లే పోతుంది, వంద మీటర్ల దూరంలో దాదాపు 0.3 సెకను తేడా. మధ్యలో స్తంభాలకి కట్టే స్పీకర్లని ఆ లెక్క ప్రకారం కొంచెం ఆలస్యంగా మోగిస్తారు.

జనం సంగతి నీకు కొత్త కాదు, పైడితల్లి సిరిమాను పండగ రోజు మన ఊళ్లో నిలబడినదానివే. అప్పుడు తప్పిపోతే ఎక్కడ కలవాలో ఇంట్లో ముందే చెబుతారు చూడు, అక్కడా అలాగే ఒక గేటు అనుకోండి, అంతమంది ఉన్నచోట ఫోన్లు కలవవు. మూసిన బూట్లు వేసుకో, తిరుగు టికెట్ అమ్మ ఫోనుకి పంపు, అయిపోయాక బయట మీకోసం వచ్చే బండి ఎవరిదో కూడా చెప్పు. అమ్మకి కావలసింది అదే.

ప్రశ్న: కచేరీ మొత్తం ఫోన్లో తీసుకోవచ్చా? - పలాస నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక్క పాట తీసుకోండి, అదీ మీకు అంతగా ఇష్టం లేనిది. ఇష్టమైన పాట వచ్చినప్పుడు ఫోను జేబులో పెట్టెయ్యండి.