బిడ్డా, ఈ కథ ఎవరు చెప్తున్నరు?

బిడ్డా,

నీ కథ మొన్న అందింది. ఫోన్‌ల చదువుడు నాతోని గాదు, మనుమడు ప్రింట్ తీసిస్తె కూసొని చదివిన. బీడీలు చేసే తల్లి మీద కథ అనంగనే కొంచెం భయమైంది, ఎందుకంటె బీడీల మీద రాసే కథలల్ల ఆఖరికి తల్లి దగ్గి దగ్గి సచ్చిపోతది. నీ కథల సావలేదు, సంతోషం. తునికాకు తడిబట్టల చుట్టిపెట్టుడు, రేకు పెట్టి కత్తెరతోని కోసుడు, చిటికెడు తంబాకు పోసి చుట్టి దారం గట్టి మూతి ఒత్తుడు, ఒత్తీ ఒత్తీ ఆమె బొటనేలి గోరు వంకరపోవుడు, ఇవన్ని దగ్గరుండి చూసినోళ్ళే రాయగలుగుతరు. మెచ్చుకునుడు ఇంతే. ఇగ కోపం సంగతికి వస్త.

మూడో పేజీల ఇట్ల రాసినవ్: "సేటు గారు కట్టలన్నీ పరిశీలించి సగం పనికిరావన్నారు. అమ్మ మౌనంగా నిలబడింది."

కథ చెప్తున్నది ఎవరు? ఆ తల్లి బిడ్డ. పదో తరగతి పిల్ల. అదే పిల్ల నాలుగో పేజీల తల్లితోని ఏమంటది? "గింత ఆకుతోని వెయ్యి బీడీలు ఎట్లయితయే అవ్వా, వాడు మోసం జేస్తుండు" అంటది. అంటే నోరు తెరిచి మాట్లాడితె సేటు 'వాడు', కథ చెప్పవోతె సేటు 'గారు'. ఇది నువ్వు కావాలని చేసింది గాదని నాకు తెల్సు. స్కూలు పుస్తకం తెలుగుల కథ ఎత్తుకున్నవ్ గనుక ఆ తెలుగు దాని మర్యాదలన్ని గూడ ఎంబడి పట్టుకొచ్చింది. ఆ భాషల సేటుకు గారు పెట్టకపోతె ఏదో తక్కువైనట్టు ఉంటది, బీడీలు చేసే ఆమెకు పెట్టకపోతె ఎవరికీ ఏం అనిపియ్యది. అసలే మన తెలుగుల ఆడమనిషి వచ్చినా, బర్రె వచ్చినా, బస్సు వచ్చినా వచ్చింది అనే అంటం, మొగోనికేమో సపరేటు క్రియ. ఆడామెకు మర్యాద గావాల్నంటె బహువచనం జేయాలె. నీ కథల హెడ్మాస్టర్ మేడం వచ్చారు, సేటు వచ్చారు, ఆఖరికి పంచాయతీ సెక్రటరీ గూడ వచ్చారు. బీడీలు చేసెటోళ్ళల్ల ఒక్కరికన్న ఆ 'రు' దక్కిందా, నువ్వే చూసుకో.

తల్లిని వచ్చింది అనుడు తప్పని నేనంటలేను, ఇండ్లల్ల మనం అట్లనే అంటం, అది ప్రేమ. కని యూనియన్ల కొట్లాడి అందరికి పీఎఫ్ కట్టిపిచ్చిన ముసలామె ఉన్నది గదా, ఆమెను ఊర్ల ఏమని పిలుస్తరు? పెద్దమ్మ అంటరా, అత్త అంటరా? కథల ఆమెకు ఆ పిలుపు గూడ లేకపాయె, "ఒక మహిళా కార్మికురాలు" అని రాసినవ్. మహిళా కార్మికురాలట! మొగ కార్మికురాలు ఎవరన్న ఉంటరా బిడ్డా?

నేను ఎవ్వరికైనా చెప్పేది ఒక్కటే, ఇన్నోళ్ళు ఇన్నరు, ఇననోళ్ళు ఇనలేదు. పాత్రలు మాట్లాడే భాష ఏదన్నగానీ, కథ చెప్పే భాష ఎవరిదనేదే అసలు ముచ్చట. పాత్రలకు యాస, రచయితకు 'మంచి' తెలుగు అనే రివాజు ఒకటి నడుస్తున్నది. ఊరవతల వాడ పెట్టినట్టు తల్లి మాటలన్ని కొటేషన్ల లోపల పెడతరు, బయట దర్జాగ వేరేటోళ్ళు తిరుగుతుంటరు. చదివెటోనికి ఏం సమజైతది? ఈమె ఇట్ల మాట్లాడుతది పాపం, కని ఆమె గురించి ఆలోచన చేసెటోళ్ళు మాత్రం అట్ల మాట్లాడరు, అని. ఆ తల్లికి సొంత ఆలోచనే లేదన్నట్టు.

నేను రాసుడు మొదలువెట్టిన కాలంల ఒక వారపత్రిక ఎడిటరు, పేరెందుకు తియ్యి, ఇప్పుడు లేడు, నా కథ తీసుకున్నడు. అప్పుడు నాకు కథ పడుడంటె మామూలు సంగతా, బడి పని, ఇంటి పని, అత్తగారి మందులు అన్ని అయినంక దీపం బుగ్గ కింద రాసుకునేది, పోస్టుల ఏసినంక నెలల కొద్ది ఎదురుసూసేది. పత్రిక వచ్చినంక చూస్తె పోయిండు అని ఉన్నకాడల్ల వెళ్ళాడు అయింది, తల్లిగారిల్లు పుట్టిల్లు అయింది, పొలంకాడ మధ్యాహ్నం ఇప్పుకొని తినే సద్ది కాస్త తెల్లారి తినే చద్దన్నం అయి కూసున్నది. పాత్రల మాటల జోలికి పోలేదు, ఆ దయ చూపెట్టిండు. ఎందుకు సార్ అని కార్డు రాస్తె "పాఠకులకు అర్థం కావాలి కదమ్మా" అని జవాబు. ఏ పాఠకులకు? మా పెద్దనాయిన ఆ కథ చదివి "కథ మంచిగనే ఉన్నది గని మన దిక్కుది గాదు గదా" అన్నడు. కథ జరిగింది ఆయన పొలంలనే!

నువ్వు ఉత్తరంల గిడుగు రామమూర్తి పేరు తీసి, వాడుకభాష ఎప్పుడో గెలిచింది గదా మేడం అన్నవ్. గెలిచింది, కాదంటలేను. కని ఎవరి వాడుక? గిడుగు శ్రీకాకుళం దిక్కు మనిషి, సవరల భాష నేర్చుకొని వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలనే చదువు చెప్పాల్నని బడులు పెట్టిపిచ్చిన మనిషి. గురజాడ 1897ల కన్యాశుల్కం అచ్చేపిస్తె అందుల ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు మాట్లాడుతరు. 1911 నుంచి జయంతి రామయ్య పంతులు లాంటి గ్రాంథికపోళ్ళతోని మద్రాసుల కొట్లాట నడిచింది ఇసుంటి మనుషుల మూలంగనే. అటెన్క పత్రికలు, రేడియో, సినిమా పెరిగినంక కృష్ణా గోదావరి దిక్కు చదువుకున్నోళ్ళ మాట శిష్ట వ్యావహారికం అయి గద్దె మీద కూసున్నది. గిడుగు ఊరి మాట గూడ దానికి అవుతలనే ఉండిపాయె. కాళోజీ రెండున్నర జిల్లాల భాష అని ఎత్తిపొడిచింది దాన్నే. ఇప్పుడు ఆగస్టు 29న గిడుగు ఫోటోకు దండ, సెప్టెంబర్ 9న కాళోజీ ఫోటోకు దండ, పదో తారీఖు నుంచి ఆఫీసు కాయితాలు మల్ల ఎప్పటి తెలుగులనే.

మన దిక్కు ముచ్చట ఇంకో తీరు. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ పెడితె చదువంత ఉర్దూల. 1921ల హైదరాబాద్‌ల ఒక సభల ఆలంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడవోతె ఎగతాళి జేసి కూసోవెట్టిన్రు, ఆ అవమానం కెల్లే ఆంధ్రజన సంఘం పుట్టింది. తర్వాత తెలంగాణల కవులే లేరని ఎవరో అంటె సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులను జమజేసి గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. గొప్ప పని, నేను దండం పెడత. కని చూడు, అందుల ఎక్కువ ఉన్నయి పద్యాలే. మాకు గూడ కవులున్నరని నిరూపిచ్చుకోవాల్నంటె అడిగెటోళ్ళు ఒప్పుకునే భాషలనే నిరూపిచ్చుకోవాలె. అప్పటి అవసరం అది. నువ్వు ఇప్పుడు ఎవరికి నిరూపిస్తున్నవ్?

యాసల రాస్తె ఆంధ్ర దిక్కోళ్ళకు, అమెరికల ఉన్నోళ్ళకు అర్థమైతదా అని అడిగినవ్. గోదావరి కథలల్ల పుంతలు, లంకలు, రేవులు మేము ఎట్ల అర్థం చేసుకున్నమో అట్లనే. మాకెవరన్న ఫుట్‌నోట్లు ఇచ్చిన్రా?

అట్లని సినిమా యాస రాయకు, దాని మీద నాకు ఇంకో కోపం ఉన్నది. నిన్నమొన్నటిదాక సినిమాల మన మాట రౌడీకి, పనిమనిషికి, నవ్విచ్చెటోనికి. ఇప్పుడు హీరోకు ఇచ్చిన్రు, మంచిదే, కని ప్రతి మాటకు ముంగట ఒక గ తగిలిచ్చి, నడుమ నాలుగు మస్తులు, బరాబర్లు చల్లితె తెలంగాణ అయిపోతదా? రీల్స్ జేసెటోళ్ళు గూడ అదే పని. ఇగ పుస్తకం తెరువకముందే 'మట్టివాసన' అని రివ్యూ రాసెటోళ్ళ ముచ్చట ఎత్తితె ఈ ఉత్తరం ఇయ్యాల అయిపోదు. పాలమూరు మాట వేరు, ఖమ్మం మాట వేరు, ఆదిలాబాద్ మాట ఇంకా వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, 1962ది, లైబ్రరీల దొరికితె ఒకసారి తిరగెయ్యి. జిల్లాల పొంటి తిరిగి రైతుల నోట్లె మాటలు ఏరిన్రు అందుల. అది చూసినంక తెలంగాణ యాస అని ఒక్కటే డబ్బా ఉన్నదని ఎవరన్న అంటె నమ్మవు. నువ్వు సిరిసిల్ల దిక్కు పిల్లవు, మీ అవ్వ మాట్లాడినట్టు రాయి, హైదరాబాద్ల ఎవరో మాట్లాడినట్టు గాదు.

నీ మూడో పేజీ ముక్క నేను రాసి చూసిన:

"సేటు కట్టలన్ని ఇప్పి చూసిండు. సగం పక్కకు నూకి ఇవి నడువయ్ అన్నడు. అవ్వ ఏమనలేదు. పక్కకు నూకిన బీడీలు గూడ వాడు వాపస్ ఇయ్యలేదు."

ఆఖరి వాక్యం నీ కథల లేదు. మా దిక్కు అట్లనే జరిగేది, పనికిరావని పైసలు కోసేది, బీడీలు మాత్రం ఉంచుకునేది. మీకాడ గూడ అంతేనా కనుక్కో. సేటు గారు అన్నారు, సేటు గారు పరిశీలించారు అని రాసుకుంట పోతె ఆ వాక్యం నీ చేతికి రాదు, గారు పెట్టినంక మనిషిని దొంగ అనుడు కష్టమైతది.

ఏ పత్రికకు పంపాలె, పోటీలకు పంపొచ్చునా, పేరుకు ఇంగ్లీష్ మాట పెడితె ఏమంటరు, ఇవన్ని అడిగినవ్. తర్వాత చూద్దాం. ముందుగాల మొదటి రెండు పేజీలు తిరిగి రాసి పంపు, టైపు పెద్దగ పెట్టు. నన్ను మేడం గారు అనకు, పెద్దమ్మా అను చాలు. ఆ యూనియన్ ముసలామెను ఊర్ల ఏమని పిలుస్తరో అడిగి రాయి. పీఎఫ్ కోసం ఆమె ఎవరి ఇంటి ముంగట కూసున్నదో, ఎన్నొద్దులు కూసున్నదో అది గూడ కథల లేదు, నాకు అది తెల్వాలె.

మీ పెద్దమ్మ