స్కూల్ విద్యా కమిటీ సభ్యులు చదువు గురించి అడగొచ్చా?

ప్రశ్న: మా పాప ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి. నన్ను విద్యా కమిటీలోకి ఎన్నుకున్నారు. మీటింగ్‌కి వెళ్లి సంతకం పెట్టి రావడమేనా?

జవాబు: చాలా ఊళ్లలో జరిగేది అదే, కానీ చట్టం చెప్పేది వేరు. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి పనితీరు గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడటం మీ పనులే. కాబట్టి తీర్మానాల పుస్తకం చదవకుండా సంతకం పెట్టకండి. ఎయిడ్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) లేని ప్రైవేటు స్కూళ్లకు మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

ఇక చదువు సంగతి. మీటింగుల్లో గోడలు, బాత్రూములు, మధ్యాహ్న భోజనం దగ్గరే టైమంతా అయిపోతుంది. అవీ ముఖ్యమే, కాదనను. కానీ పిల్లలు చదవగలుగుతున్నారా అని కూడా అడగండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం నడిపే నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు కొత్త పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల చొప్పున అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలి. ఇంట్లో పాప చేత ఆమె చూడని కథ ఒకటి చదివించి, ఏం అర్థమైందో చెప్పమనండి.

టీచర్‌ని నలుగురిలో నిలదీయడం వల్ల పని జరగదు. పిల్లల హాజరు, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం అదే విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం టీచర్ల బాధ్యతే. నోట్‌బుక్ తీసుకెళ్లి, 'ఎక్కడ వెనకబడిందండీ?' అని విడిగా అడిగి చూడండి.