గుడ్డ బ్యాక్‌డ్రాప్ మీద పేరు బోర్డు పడిపోకుండా ఎలా వేలాడదీయాలి?

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల బెంగళూరులో మీ అపార్ట్‌మెంట్ పార్టీ హాల్లో పాప బారసాల. వెనకాల ఎనిమిదడుగుల పైపు స్టాండు, దానికి గుడ్డ తెర, తెర మీద పాప పేరున్న అక్రిలిక్ బోర్డు. హాల్లో గోడకి మేకు కొట్టనివ్వరు కాబట్టి డబుల్ టేప్ సరిపోతుందా అని.

సరిపోదండీ. దయచేసి ఆ టేపుని నమ్ముకోవద్దు. మా పాప బారసాలలో ఏం జరిగిందో చెప్తే ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

మాది కుందలహళ్లి దగ్గర అపార్ట్‌మెంటు. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాం. బోర్డు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్, రెండడుగుల గుండ్రం. చేత్తో పట్టుకుంటే తేలిగ్గానే ఉందనిపించింది గానీ, ఆ సైజు అక్రిలిక్ ఇంచుమించు కిలో తూగుతుంది. డెకరేషన్ పనివాళ్లు బోర్డు వెనక నాలుగు చోట్ల ఫోమ్ టేప్ (రెండు వైపులా అంటుకునే మెత్తటి డబుల్ టేప్) వేసి, తెర వెనక అట్ట అడ్డం పెట్టి గట్టిగా నొక్కి వెళ్లిపోయారు. పేరు ముందే కనపడకూడదని మేం దాని మీద పట్టు కండువా కప్పాం. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసి పాప చెవిలో చెప్పాను. మా అత్తగారు సంతోషంగా కండువా లాగారు. కండువాతో పాటు బోర్డూ వచ్చేసింది. నేలకి తగిలి ఒక అక్షరం కింద ఉన్న ఒత్తు విరిగి ఉయ్యాల కిందకి దొర్లింది. ఉయ్యాల అక్కడికి అడుగు దూరంలో ఉంది. పాప ఆ నిమిషంలో మా ఆవిడ ఒళ్లో ఉంది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు గుండె దడదడలాడుతుంది.

అందరూ భోజనాలకి లేచాక తెర దగ్గరికెళ్లి చూశాను. నాలుగు టేపు ముక్కలూ తెరకే అంటుకుని ఉన్నాయి. ఒక్కో ముక్క మీద సన్నటి ప్లాస్టిక్ పొర. గీతలు పడకుండా అక్రిలిక్ షీటు మీద ఒక పొర అంటించి ఉంటుంది కదా, దాన్ని వెనకవైపు ఎవరూ తీయలేదు. టేపు పట్టుకున్నది ఆ పొరని, బోర్డుని కాదు. సరే, పొర తీసేస్తే ఆగేదా అంటే, నా ఉద్దేశంలో అప్పుడూ ఆగదు. ఫోమ్ టేపుకి నున్నగా, శుభ్రంగా ఉండే గట్టి చోటు కావాలి, పట్టు పూర్తిగా రావడానికి గంటలు కాదు, రోజులు పడుతుంది. గుడ్డ మీద అయితే అది పట్టుకునేది పైపైన ఉండే నూలు పోగుల్ని మాత్రమే. చెమ్కీ తెర, ప్లాస్టిక్ గడ్డి తెర అయితే ఇంకా కష్టం.

కాబట్టి గుడ్డ మీద ఒక్క గ్రాము బరువు కూడా వేయకండి. బోర్డు బరువంతా పైనున్న అడ్డపైపు మీదే పడాలి. బోర్డు తెరకి అంటుకున్నట్టు కనపడాలే గానీ, నిజానికి దాని ముందు వేలాడుతుండాలి.

అన్నప్రాసనకి ఎవరినీ పిలవకుండా నేనూ మా బావమరిదీ కలిసి అలాగే చేశాం. చేపల గాలానికి కట్టే నైలాన్ దారం తీసుకోండి. అర మిల్లీమీటరు మందం ఉంటే కిలో బోర్డుని సులువుగా మోస్తుంది, ఫోటోలో అసలు కనపడదు. చిక్కంతా ముడి దగ్గరే. ఆ దారం నున్నగా ఉంటుంది కాబట్టి మామూలుగా వేసే రెండు ముళ్లు నెమ్మదిగా జారిపోతాయి. మాది బందరు వైపు, మా మేనమామ గాలం కట్టేటప్పుడు చూసి నేర్చుకున్న ముడి ఇక్కడ పనికొచ్చింది. దారం కొసని బోర్డు చిల్లులోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదుసార్లు మెలిపెట్టి, ఆ కొసని చిల్లు పక్కనే ఏర్పడిన మొదటి సందులోంచి వెనక్కి దూర్చాలి. బిగించే ముందు తడి చేయండి. తడి లేకుండా లాగితే రాపిడికి వేడెక్కి దారం బలం తగ్గుతుంది. ఇంట్లో ఒక గంట నీళ్ల సీసా వేలాడదీసి చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది.

చిల్లులు బోర్డు కట్ చేయించేటప్పుడే పెట్టించుకోండి. ఇంట్లో మామూలు డ్రిల్లుతో వేస్తే అక్రిలిక్ పగలొచ్చు. అంచు నుంచి కనీసం 2 సెంటీమీటర్లు లోపలికి, రెండు చిల్లులు, ఒకదానికొకటి దూరంగా. రెండు దారాలూ పైకి నిటారుగా వెళ్లాలి. రెండింటినీ పైన ఒకే చోట కడితే ఫ్యాను గాలికి బోర్డు అటూ ఇటూ తిరుగుతుంది. అలాగని మరీ పక్కలకి చాచి కట్టినా మంచిది కాదు. నిటారుగా ఉంటే ఒక్కో దారం మీద సగం బరువే పడుతుంది. అదే దారం అడ్డంగా వాలి, నేలకి 30 డిగ్రీల కోణంలో ఉందనుకోండి, రెండింటిలో ఒక్కోదాని మీదా బోర్డు మొత్తం బరువంత లాగుడు పడుతుంది. తడి దుప్పటి ఆరేసిన దండెం ఎంత బిగించినా ఎందుకు కిందకి సాగుతుందో, ఇదీ అంతే.

పైన పైపు చుట్టూ గుడ్డతో సహా కేబుల్ టై (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) బిగించి, దారాన్ని ఆ టైకి కట్టండి. నేరుగా పైపుకి కడితే ముడి పక్కకి జరుగుతుంది. పైపు ఒకదాంట్లోంచి ఒకటి బయటికి సాగే రకమైతే మధ్యలో కాస్త వంగుతుంది. అందుకని ముందు తెర వేసి, పూలు కట్టి, ఆఖర్న బోర్డు లెవెల్ చూసుకోవాలి. ఒక వైపు ముడి వేసేసి, రెండో వైపు ఒకరు పట్టుకుని ఉండగా ఇంకొకరు పదడుగులు వెనక్కి వెళ్లి చూడాలి. వీటన్నిటితో పాటు మూడో దారం ఒకటి వదులుగా కట్టి ఉంచండి. రెండింటిలో ఏది తెగినా అది పట్టుకుంటుంది.

ఇంకా బోర్డు చేయించలేదు కదా, తెలుగు అక్షరాల గురించి ఒక మాట. మేం అన్నప్రాసనకి పేరు బదులు 'చిట్టితల్లి' అని చేయించాం. షాపు కుర్రాడు వాట్సాప్‌లో పంపిన నమూనా తెరిస్తే 'చిట్‌టితల్‌లి' అని ఉంది. వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించగానే ఒత్తులు విడిపోయాయి. కన్నడంలోనూ ఒత్తులున్నాయి కాబట్టి చెప్పగానే అర్థం చేసుకున్నాడు, నేను మళ్లీ పీడీఎఫ్ చేసి పంపితే సరిగ్గా వచ్చింది. మీరూ టైపు చేసిన అక్షరాలు పంపకుండా పీడీఎఫ్ పంపండి, కటింగ్‌కి ముందు నమూనా ఇంట్లో ఇద్దరి చేత చదివించండి. రెండో సంగతి, ఇంగ్లీషు పేరైతే అక్షరాలు కలిపి రాసి ఒకే ముక్కగా కట్ చేయొచ్చు. మన ఒత్తులు చాలావరకు అక్షరానికి అంటకుండా కింద విడిగా ఉంటాయి. విడి ముక్కల్ని దారానికి వేలాడదీయడం అయ్యే పని కాదు. వెనక ఒక గుండ్రటి షీటు పెట్టించి, అక్షరాలు షాపులోనే దాని మీద అతికించి ఇమ్మనండి. ఒకవేళ మీరే అతికించాల్సి వస్తే, అక్షరాలు కట్ చేయగా మిగిలిన చిల్లుల షీటు అడిగి తెచ్చుకోండి. దాన్ని పైన పరిచి ఏ ఒత్తు ఎక్కడ రావాలో అక్కడే పెట్టేయొచ్చు.

అద్దంలా మెరిసే బంగారు అక్రిలిక్ వద్దని నా సలహా. ప్రతి ఫోటోలోనూ పేరు మీద ఫ్లాష్ తెల్లటి మచ్చలా పడింది మాకు. మెరుపు లేని రకం అడగండి. సామాను కోసం చిక్‌పేట వెళ్లండి. మెట్రో పర్పుల్ లైన్లో మెజెస్టిక్ వరకు వెళ్లి గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషనే. పూలకి దాని తర్వాత స్టేషన్, కేఆర్ మార్కెట్.

హాల్లో గాలి తక్కువే కానీ, ఎవరైనా మేడ మీద పెట్టుకుంటే మాత్రం జాగ్రత్త. మా అన్నప్రాసన జూన్ ఆఖర్లో మేడ మీద. ఆ రోజుల్లో బెంగళూరు గాలి సంగతి మీకు తెలిసిందే, ఎనిమిదడుగుల తెర తెరచాపలా ఉబ్బింది. స్టాండు ఒక్కో కాలికి నిండు 20 లీటర్ల వాటర్ క్యాన్ కట్టి నిలబెట్టాం.

బోర్డు కింది అంచు నేల నుంచి ఐదడుగుల పైన ఉండాలి. కుర్చీల్లో కూర్చున్న మీ తలలు పేరుకి అడ్డం రావు.

ఇక కండువా. దాన్ని బోర్డుకి తగిలించొద్దు, పైన పైపుకే బట్టల క్లిప్పులు రెండు పెట్టి తగిలించండి. లాగే పెద్దవాళ్ల చేత ముందురోజు సాయంత్రం ఒకసారి లాగించి చూడండి, ఎంత బలంగా లాగుతారో మీకూ తెలుస్తుంది. ఉయ్యాల మాత్రం ఫోటో బాగుంటుందని ఎవరు చెప్పినా బోర్డు కింద పెట్టకండి, కనీసం నాలుగడుగులు పక్కకి జరపండి.