మీ ప్రశ్న – మా జవాబు: బస్తాల మధ్య సోలార్ ట్యాగ్

ప్రశ్న: గిడ్డంగిలో తేమ, ఉష్ణోగ్రత కోసం బ్లూటూత్ ట్యాగులు పెట్టాం. 5×5 సెం.మీ. అమార్ఫస్ సిలికాన్ సోలార్ సెల్, 1 ఫారడ్ సూపర్ కెపాసిటర్ (బ్యాటరీలా చార్జి దాచుకునేది). పది నిమిషాలకోసారి రీడింగ్ పంపుతాయి. కిటికీ పక్కన వారం రోజులు నడిచింది; బస్తాల మధ్య నాలుగో రోజుకే ఆగిపోయింది. మల్టీమీటరు మాత్రం సెల్‌కు 3.5 వోల్టులు చూపిస్తోంది. అరగంటకోసారి పంపేలా మార్చినా లాభం లేదు. లోపమెక్కడ?

జవాబు: వోల్టేజీని నమ్మడంలోనే ఉంది. మసక వెలుతురులో సెల్ వోల్టేజీ కొద్దిగానే తగ్గుతుంది, కరెంటు మాత్రం అడుగంటుతుంది. సెల్‌ను ట్యాగ్ నుంచి విడదీసి, 330 కిలోఓముల రెసిస్టరు కట్టి, ఆ బస్తాల మధ్యే మళ్లీ కొలవండి. 3 వోల్టులు నిలబడితే 27 మైక్రోవాట్లు వస్తున్నట్టు. 1 వోల్టుకు జారితే మూడే.

పంపే వ్యవధి పెంచితే ఎందుకు కలిసిరాలేదంటే, రీడింగుకు 150 మైక్రోజౌళ్లు ఖర్చయినా పది నిమిషాల సగటు 0.25 మైక్రోవాటే. తినేదంతా నిద్ర. నిద్రలో 3 మైక్రోఆంపియర్లు లాగే ట్యాగ్‌కు 3 వోల్టుల దగ్గర 9 మైక్రోవాట్లు కావాలి, రాత్రీపగలూ. సూపర్ కెపాసిటర్ లీకేజీకి ఇంకో 9 వేసుకోండి. రోజుకు దాదాపు 1.6 జౌళ్లు. 50 లక్స్‌లో (లక్స్ అంటే వెలుతురు కొలత) మీ సెల్ ఇచ్చేది సుమారు 25 మైక్రోవాట్లు, సర్క్యూట్ నష్టాలు పోగా 15. పది గంటలకు 0.54 జౌళ్లు. రోజుకు ఒక జౌల్ లోటు. 3.6 నుంచి 2.2 వోల్టుల దాకా కెపాసిటర్‌లో ఉండేది 4 జౌళ్లే. నాలుగో రోజుకు ఆగక ఏం చేస్తుంది!

ట్యాగ్‌ను 200 లక్స్ పడేచోటికి, ముఖం వెలుతురు వైపు ఉండేలా మార్చండి. రోజుకు 2 జౌళ్లకు పైనే వస్తాయి. కొత్త కెపాసిటర్ మొదట్లో ఎక్కువ లీకవుతుంది కనుక బిగించేముందు రెండు మూడు రోజులు చార్జింగులో ఉంచండి. 2.7 వోల్టుల రకం వాడకండి, 5.5 వోల్టులది తీసుకోండి. వెలుతురే రాని మూలకైతే సోలార్ మానేసి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వేయడమే తెలివి. ఈ ఖర్చుకు ఏళ్లు వస్తుంది.

ప్రశ్న: మామూలు ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్‌కు (రీడర్ పంపే రేడియో తరంగంతో సరుకును గుర్తించే చీటీ) సోలార్ సెల్ తగిలిస్తే చదవగలిగే దూరం పెరుగుతుందా?

జవాబు: చిప్‌కు బయటి కరెంటు తీసుకునే పిన్ను ఉంటేనే. మామూలు ట్యాగ్ మేల్కొనేది రీడర్ తరంగం (గిడ్డంగుల్లో వాడే రకానికి మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్) ఇచ్చే శక్తితోనే; దూరాన్ని కట్టేసేది అదే. ఆ బరువు సెల్ మోస్తే దూరం పెరుగుతుంది. అయినా ట్యాగ్ సొంతంగా ఏమీ ప్రసారం చేయదు, రీడర్ తరంగాన్నే తిప్పికొడుతుంది, కాబట్టి ఆపైన హద్దు రీడర్ చెవిదే. సెల్‌ను యాంటెన్నా మీద అతికించకండి. దానిలోని లోహపు పొర ట్యూనింగ్ చెడగొట్టి, ఉన్న దూరాన్నీ తగ్గిస్తుంది.