సైకిల్ సందేహాలు: సెలే లోయలో కిలోమీటర్లు కాదు, మిట్టలు లెక్కపెట్టండి

నైరుతి ఫ్రాన్స్‌లో సెలే అని ఓ చిన్న నది ఉంది. ఫిజాక్ పట్నం మీదుగా వచ్చి, బూజియెస్ దగ్గర లోట్ నదిలో కలుస్తుంది. గత నెల ఆ లోయలోని మట్టిబాటల గురించి రెండు ముక్కలు రాస్తే ఈ నెల ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. నేనుండే టూలూజ్‌కి అది దగ్గరే కాబట్టి తెలిసినంత చెబుతాను.

*ఆఫీసు పని మీద ఆరు నెలలకి టూలూజ్ వస్తున్నాను మేడమ్. హైదరాబాద్‌లో ఆదివారాలు మా బృందంతో అనంతగిరి కొండల్లో మౌంటెన్ బైక్ తొక్కుతుంటాను. ఫిజాక్ నుంచి బూజియెస్ దాకా ఒక్క రోజులో కొట్టేయొచ్చు కదా? నది పక్కన దారి, పైగా దిగువకి. చదునుగానే ఉంటుందనుకుంటున్నా.*
— ఒక పాఠకుడు, మియాపూర్

చదునుగా ఉండేది డీ 41 రోడ్డు. అది నదిని వదలకుండా పోయే తార్రోడ్డు. దాని మీదైతే మీరన్నట్టు ఒక్క రోజు చాలు, మౌంటెన్ బైక్ కూడా అక్కర్లేదు. మట్టిబాట సంగతి వేరు. లోయ బాగా ఇరుకు. అడుగున ఉన్న కాస్త చదును పొలాలకీ, ఊళ్లకీ, ఆ రోడ్డుకీ సరిపోయింది. చాలాచోట్ల సున్నపురాతి కొండ నిట్టనిలువుగా నీళ్లదాకా దిగుతుంది. పాతకాలపు బాటలకి పైకెక్కడం తప్ప వేరే దారి లేదు. అవి ఊరు దాటగానే పైనున్న పీఠభూమి ఎక్కుతాయి, ఇక్కడి వాళ్లు దాన్ని 'కోస్' అంటారు. పైన కాసేపు ఓక్ చెట్ల మధ్య పరిగెత్తించి, మళ్లీ ఊళ్లోకి దింపుతాయి. తర్వాతి ఊరికి మళ్లీ అదే వరస. ఒక్కో మిట్ట నూటయాభై, రెండొందల మీటర్ల ఎత్తు. విడిగా చూస్తే అనంతగిరిలో తొక్కినవాళ్లకి లెక్కలోది కాదు. మధ్యాహ్నం మూడింటికి నాలుగో మిట్ట ముందు నిలబడ్డప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మ్యాప్‌లో దూరం చూసి పథకం వేసుకోకండి, ఎత్తుగీతలు చూసి వేసుకోండి.

రెండో లెక్క నీళ్లది. మిట్టల కన్నా నాకు దీని టెన్షనే ఎక్కువ. కోస్ మీద వాన పడుతుంది కానీ నిలవదు. సున్నపురాయి పగుళ్లలోంచి లోపలికి ఇంకి, ఎక్కడో అడుగున లోయలో ఊటగా బయటపడుతుంది. పైన వాగు అన్నది కనబడదు. ఉత్తరం వైపు కోస్ మీద గొర్రెల కోసం రాతిలో తొలిచిన చిన్న చిన్న గుంటలున్నాయి. పాతకాలపు చక్రవర్తి షార్లమేన్ సైన్యంలో పనిచేసి సన్యాసం పుచ్చుకున్న నాంఫేజ్ అనే ఆయన తొలిచాడని కథ. ఆ నీళ్లు గొర్రెలకే వదిలేయండి. మీరు లోయ దిగిన ప్రతిసారీ సీసాలు నింపుకోవాలి. ఊళ్లో కొళాయి కనబడకపోతే శ్మశానానికి వెళ్లండి. నవ్వకండి, ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కేవాళ్లందరికీ తెలిసిన కిటుకే ఇది. సమాధుల మీద పూలకుండీలకి పోయడానికి గేటు పక్కనే కొళాయి ఉంటుంది. 'నోన్ పొటాబ్ల్' అని బోర్డుంటే మాత్రం అవి తాగే నీళ్లు కావు. మొదటిసారి శ్మశానంలో సీసా నింపుతుంటే మా అమ్మ చూస్తే ఏమంటుందో అనిపించింది. ఇప్పుడు అలవాటైపోయింది.

అందుకని రెండు రోజులు పెట్టుకోండి. టూలూజ్ నుంచి ఫిజాక్‌కి ప్రాంతీయ రైలు ఉంది, సైకిల్ ఎక్కించుకోవచ్చు. ఫిజాక్‌లో ఓ అరగంట ఆగండి. ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియన్ 1790లో పుట్టిన ఊరది. ఆయన ఇంటి వెనక చౌకులో, ఆ లిపి గుట్టు విప్పడానికి ఆధారమైన రొసెట్టా శిలని పెద్ద నల్లరాతి పలక మీద చెక్కి నేల మీద పరిచారు, దాని మీద నడవొచ్చు కూడా. అక్కడి నుంచి బెద్యుయేర్ మీదుగా ఎస్పాన్యాక్. ఆ ఊరి మఠం గంటగోపురం పైభాగం కర్రలూ ఇటుకలతో కట్టింది, రాతి ఊళ్ల మధ్య అదొక్కటే వింతగా నిలబడి ఉంటుంది. తర్వాత బ్రెంగ్, సాన్ సుల్పీస్ దాటి మార్సియాక్‌లో రాత్రికి ఆగండి. అక్కడ సగం కప్పు కూలిపోయిన పాత మఠం ఉంది. రెండో రోజు కబ్రెరె, బూజియెస్. అక్కడి నుంచి లోట్ నది పక్కన రోడ్డు పట్టుకుని పాతిక ముప్పై కిలోమీటర్లు పోతే కాయోర్ వస్తుంది, తిరుగు రైలు అక్కడ ఎక్కొచ్చు. పారిస్ నుంచి వచ్చే దూరప్రయాణపు రైలైతే సైకిల్‌కి ముందే రిజర్వేషన్ చేయించాలి.

టైర్ల గురించి ఒక్క మాట. పల్నాడు నాపరాళ్ల మధ్య తిరిగినవాళ్లకి ఈ నేల అర్థమవుతుంది. పలకలుగా పగిలి, అంచులు కత్తుల్లా ఉంటాయి. లోపల సీలెంట్ (చిల్లు పడితే దానంతటదే పూడ్చే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ టైర్లుంటే నయం. వాన పడ్డ రోజు దిగుడులో జాగ్రత్త, తడి సున్నపురాయి మీద బ్రేకు పట్టినా పట్టనట్టే.

*దారి పొడుగునా రకరకాల గుర్తులున్నాయని మా అబ్బాయి అంటున్నాడు. వేటిని నమ్మాలి?*
— ఓ పాఠకురాలు, విజయనగరం

ఒక త్రిభుజం, దాన్ని ఆనుకుని రెండు గుండ్రాలు. ఇది మౌంటెన్ బైక్ గుర్తు. త్రిభుజం కొన ఎటు చూపిస్తే అటు వెళ్లాలి. పక్కన బాట నంబరు, దాని కష్టాన్ని బట్టి రంగూ ఉంటాయి. ఆకుపచ్చ తేలిక, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. నలుపు జోలికి మొదటి రోజే పోవద్దని చెప్పండి.

తెలుపు-ఎరుపు పట్టీలు నడిచేవాళ్లవి. ఈ లోయలో ఆ పట్టీలతో వెళ్లేది జీఆర్ 651. స్పెయిన్‌లోని సాంటియాగోకి కాలినడకన పోయే యాత్రికుల దారికి ఇదొక పాయ. వీపున మూటలతో, మోకాళ్ల నొప్పులతో నడిచే పెద్దవాళ్లు కనబడతారు. వాళ్ల వెనక నుంచి చప్పుడు లేకుండా దూసుకొచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దూరం నుంచే గంట కొట్టి, వేగం తగ్గించి, 'బోంజూర్' చెప్పి దాటాలి. అవే రంగుల్లో అడ్డంగా కొట్టేసిన గుర్తు కనబడితే దారి తప్పారన్నమాట.

బూజియెస్ నుంచి సాన్ సీర్ లపోపి అనే ఊరి వైపు లోట్ నది ఒడ్డునే పడవలు లాగడానికి 19వ శతాబ్దంలో కొండని తొలిచి వేసిన బాట ఉంది. తల మీద రాయి, పక్కనే నది. ఎప్పుడూ జనం ఉంటారు. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లమనండి.

*మేం శాకాహారులం. గుడ్డు వరకు ఫరవాలేదు. ఆ పల్లెల్లో ఏం దొరుకుతుంది అక్కా?*
— ఓ చెల్లెలు, కాకినాడ

చెప్పాలంటే కష్టమేనమ్మా, ఇది బాతు మాంసం సీమ. ముఖ్యంగా 'సలాద్ కెర్సినోయిజ్' అని మెనూలో చూసి ఆకులూ అలములే కదా అని తెప్పించుకోకు. అందులో బాతు కందనకాయలు వేస్తారు. వేడి మేకజున్ను (మేకపాల చీజ్) సలాడ్ అడుగు, ఇక్కడి రోకమదూర్ మేకజున్ను చిన్న బిళ్లల్లా ఉంటుంది, చాలా బాగుంటుంది. 'సాన్ లార్దోన్' అని కూడా చెప్పు, పంది మాంసం ముక్కలు వేయకండి అని అర్థం. ఆమ్లెట్ దొరుకుతుంది. అక్రోటు కేకు ఈ ప్రాంతంలో తప్పకుండా తినాల్సింది.

రుచి కన్నా వేళ ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే భోజనం. రెండున్నరకి వెళ్లి ఎంత బతిమాలినా పొయ్యి వెలిగించరు. ఆది, సోమవారాల్లో చాలా కొట్లు మూసేస్తారు. నేనైతే ఎప్పుడూ సంచిలో చపాతీ చుట్టలు, ఊరగాయ డబ్బా పెట్టుకునే బయల్దేరతాను.

*ఏ నెలలో వెళ్తే మంచిది? అక్టోబరులో వేట ఉంటుందని విన్నాను, నిజమేనా?*
— ఒక పాఠకుడు, ఖమ్మం

నిజమే. వేట కాలం ముఖ్యంగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా. అడవిపందుల కోసం గుంపులుగా వస్తారు. బాట మొదట్లో 'షాస్ ఆన్ కూర్' అని బోర్డు కనబడితే వేట జరుగుతోందని అర్థం, వెనక్కి తిరగండి. మిగతా చోట్ల కూడా కొట్టొచ్చినట్టు కనబడే నారింజ రంగు వేసుకోండి. జులై, ఆగస్టుల్లో కోస్ మీద నీడ తక్కువ, ఎండ మనకి తెలిసిన ఎండే. నా ఓటు మే, జూన్ నెలలకి. అప్పుడు గొర్రెలు బయట తిరుగుతుంటాయి, కళ్ల చుట్టూ నల్లటి వలయాలుండే జాతి. వాటి కంచె గేటు తెరిచి దాటితే మళ్లీ మూయడం మరవకండి.

*కబ్రెరె దగ్గర ఆదిమానవుల గుహ ఉందట. సైకిల్ బట్టలతో వెళ్లనిస్తారా?*
— ఓ విద్యార్థి, తిరుపతి

భేషుగ్గా వెళ్లనిస్తారు. పెష్ మెర్ల్ గుహ అది. 1922లో ఇద్దరు కుర్రాళ్లు లోపలికి పాకి కనిపెట్టారు. ఇలాంటి బొమ్మలకే పేరుపడ్డ లాస్కో గుహని 1963లోనే జనానికి మూసేశారు కానీ ఇక్కడ మాత్రం అసలు బొమ్మల్నే చూపిస్తారు. చుక్కల గుర్రాలు, వాటి చుట్టూ చేతి ముద్రలు. రోజుకి ఇంతమందినే అని లెక్క ఉంటుంది, టికెట్ ముందే తీసుకో. గుహ ఊరికి పైన కొండ మీద ఉంది, అదొక మిట్ట. చెమటతో వెళ్తావు, లోపల 12 డిగ్రీలు, స్వెటర్ ఉండాలి.

*మా పదేళ్ల బాబుకి హెల్మెట్ తప్పనిసరా? నాకు ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకుంటే లైసెన్స్ కావాలా?*
— ఓ తల్లి, లండన్

పన్నెండేళ్ల లోపు పిల్లలకి 2017 మార్చి నుంచి చట్టరీత్యా తప్పనిసరి. లేకపోతే జరిమానా వెంట ఉన్న పెద్దవాళ్లకి పడుతుంది. ఈ రాళ్ల బాటల్లో చట్టం అడగకపోయినా మీరూ పెట్టుకోండి. ఇక మోటారు 250 వాట్లకి మించకుండా, గంటకి 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆపేసే రకమైతే మామూలు సైకిలు కిందే లెక్క, లైసెన్స్ అక్కర్లేదు. నాలుగో మిట్ట దగ్గర మీ బాబు మిమ్మల్ని చూసి అసూయపడతాడు, అంతే.